కార్ల పక్కన సైకిలు: తిరుపతి రోడ్ల మీద ఒళ్ళు దక్కించుకోవడం ఎట్లా

సైకిలు తీసి గడప దాటుతుంటే ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే మాట ఒకటే: "ఓరగా పో నాయనా." ప్రేమతో చెప్పే మాటే. కానీ తిరుపతి రోడ్ల మీద ఆ మాట సగమే పనికొస్తుంది. ఎంత ఓరకు జరిగితే అంత ఇరుక్కుంటారు. ఎడమ పక్క కాలువ, ఇసుక మేట, బజ్జీల బండి, ఆపి పెట్టిన కారు. కుడి పక్క ఆనుకొని పోయే ఇంకో కారు. ఏదైనా జరిగితే తప్పుకోవడానికి జానెడు చోటు ఉండదు. కాబట్టి కింద చెప్పేదంతా మూడు పనుల కోసం: కారు నడిపేవాడి కంట్లో పడాలి, ఎటు పోతున్నారో అతనికి ముందే తెలియాలి, పక్కకు జరగడానికి మీకు ఎప్పుడూ కొంచెం చోటు మిగలాలి.

మొదట, ఎదుట ఉన్న కారు ఎవరిదో చూడండి

మన ఊళ్ళో రోడ్డు మీద రోజూ కొత్తవాళ్ళే. టీఎన్, కేఏ నంబర్లయితే దూరం నుంచే తెలిసిపోతుంది. ఒకప్పుడు ఏపీ 03 అని ఉంటే చిత్తూరు జిల్లా బండి అని కూడా తెలిసేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక, కొత్త బండి శ్రీకాకుళానిదో చిత్తూరుదో నంబరు చూసి పోల్చుకోలేం. అందుకని నంబరు కంటే నడక చూడండి.

దారి తెలియని కారు నడక వేరుగా ఉంటుంది. ఎదురుగా ఏమీ అడ్డం లేకున్నా నెమ్మదిస్తుంది. వెనక ఎర్ర లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. డ్రైవరు కళ్ళు ఒకసారి రోడ్డు మీద, ఒకసారి ఫోన్లో మ్యాపు మీద. లాడ్జి బోర్డు కనిపించగానే సిగ్నల్ వెయ్యకుండా ఎడమకు కోస్తాడు. ఇంకో గుర్తు బాగా పట్టుకోండి: ముందు పోయే కారుకు ఎడమ పక్క అద్దం కిందికి దిగుతోందంటే, లోపలున్నవాళ్ళు "అలిపిరికి ఎట్లా పోవాలి?" అని ఆటో స్టాండులో ఎవరినో అడగబోతున్నారు. ఆ కారు వచ్చి ఆగేది మీరు పోయే చోటే. అప్పుడు దాని ఎడమ పక్కకు దూరొద్దు. వెనకే ఆగండి, లేదా వెనక్కి చూసుకొని కుడి పక్కనుంచి దాటండి.

రెండో రకం కొండ దిగి వచ్చేవాళ్ళు. ఎక్కడో దూరం నుంచి రాత్రంతా బండి నడిపి, క్యూలో గంటలకొద్దీ నిలబడి, దర్శనం చేసుకొని, గుండుకు చందనం పూసుకొని, లడ్డూ సంచి ఒళ్ళో పెట్టుకొని తెల్లవారేసరికి అలిపిరి దాటి వస్తుంటారు. వెనక సీట్లో అందరూ నిద్ర. డ్రైవరుకూ కళ్ళు మూతలు పడుతుంటాయి. పొద్దున్నే కపిలతీర్థం రోడ్డు ఖాళీగా ఉందని మురిసిపోయే సైకిలువాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు. గీత మీద కుదురుగా పోకుండా కొంచెం ఇటూ కొంచెం అటూ జరుగుతున్న కారు వెనక నుంచి వస్తోందంటే, పంతానికి పోకుండా రోడ్డు దిగి దాన్ని పోనివ్వండి.

ఆర్టీసీ బస్సు డ్రైవర్లను అందరం తిట్టుకుంటాం గానీ, నా లెక్కలో వాళ్ళు వీళ్ళకంటే నయం. బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తిరుగుతుందో ముందే తెలుస్తుంది. కారుతోనే ఆ వీలు ఉండదు.

బండిని చూసుకోండి

ఇది రెండు నిమిషాల పని. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిలును ముందుకు తోయండి. వెనక చక్రం కొంచెం లేవాలి. లేవకుండా ముందుకు జారుతుంటే బ్రేకు రబ్బర్లు అరిగినట్టే. మార్పించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. చాలామంది ముందు బ్రేకు పడితే బోర్లా పడతామని భయపడి వెనకదే పడతారు. నిజానికి సైకిలును ఎక్కువగా ఆపేది ముందుదే. రెండూ కలిపి పట్టడం, అదీ ఒక్కసారిగా కాకుండా బిగిస్తూ పోవడం అలవాటు చేసుకోండి.

గాలి, బెల్లు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు. క్యారియరు మీద పెట్టిన సంచి ఆ రిఫ్లెక్టరును కప్పేస్తోందేమో దిగి చూడండి. టిఫిన్ క్యారేజీ హ్యాండిల్‌కు తగిలించొద్దు, ఊగి ముందు చక్రంలో పడుతుంది. చున్నీ, పంచె చైనుకు తగలకుండా దోపుకోండి. సైకిలు తొక్కేవాళ్ళు హెల్మెట్ పెట్టుకోవాలని చట్టంలో లేదు. అయినా పెట్టుకోండి, కనుబొమ్మలకు రెండు వేళ్ళు పైన అంచు ఉండేట్టు. అది పడినప్పుడు తలను కాపాడుతుంది. కారును మాత్రం ఆపదు. కారు తగలకుండా చూసుకునేది మీరు రోడ్డు మీద నిలబడే చోటు.

ఎక్కడ తొక్కాలి

మా వీధికి పాలు పోసే ఆయన్ను రోజూ చూస్తుంటాను. వెనక రెండు పక్కలా రెండు పెద్ద క్యాన్లు వేలాడుతుంటాయి. ఆయన ఏమంత గట్టిగా తొక్కడు. అయినా కార్లు ఆయన్ను ఒరుసుకొని పోవు. వెనకే వచ్చి, చోటు దొరికాక బాగా పక్కకు జరిగి దాటుతాయి, క్యాన్లు తగిలితే డోరు సొట్ట పడుతుందని. అదే రోడ్డులో, ఖాళీ సైకిలు మీద అంచుకు నక్కి పోయే కుర్రాడి మోచేతికి అద్దం తగిలేంత దగ్గరగా పోతాయి. చోటు వదిలినవాడికి ఇంకా తక్కువ చోటు ఇస్తారు. మీకు క్యాన్లు లేకపోయినా ఆయన పట్టే వెడల్పు మీరూ తీసుకోవచ్చు.

వెడల్పు రోడ్డయితే, అంటే తిరుచానూరు రోడ్డులాంటిదైతే, తారు అంచు నుంచి ఓ మీటరు లోపలికి ఉండండి. గుంత వచ్చినా, కుక్క అడ్డం వచ్చినా, కారు మరీ దగ్గరికి వచ్చినా ఎడమకు జరగడానికి ఆ మీటరు అక్కరకొస్తుంది. పాత ఊళ్ళో, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల ఇరుకు వీధుల్లో, కారూ సైకిలూ పక్కపక్కన పట్టనే పట్టవు. అక్కడ మీ వైపు సగానికి మధ్యలో తొక్కండి. దాటడానికి చోటు లేదని వెనకవాడికి కళ్ళకు కట్టినట్టు కనబడాలి. సందు ఉన్నట్టు అనిపిస్తే దూరుస్తాడు. వీధి వెడల్పు కాగానే పక్కకు జరిగి చేత్తో పొమ్మని చెప్పండి. అంతసేపు వెనక ఓపిక పట్టిన మనిషే, ఆ చెయ్యి చూసి తలూపి పోతాడు.

అన్నిటికంటే ముఖ్యం, గీత గీసినట్టు నేరుగా పోవడం. నాలుగు కార్లు ఆగి ఉన్నాయి, మధ్యలో కొంచెం ఖాళీ, మళ్ళీ మూడు కార్లు. ఖాళీ కనబడగానే లోపలికి దూరి, మళ్ళీ బయటికి వస్తుంటారు. అట్లా బయటికి వచ్చే క్షణంలోనే వెనకనుంచి కారు తగులుతుంది. ఖాళీలను వదిలేసి నేరుగా పోండి.

వెనక హారన్ మోగితే ఉలిక్కిపడి ఎడమకు లాగొద్దు. మన దగ్గర హారన్ అంటే చాలాసార్లు "నేను వస్తున్నా" అని చెప్పడమే. "యోవ్, పక్కకు పోవయ్యా!" అని అరిచినా తొణక్కండి. అరిచాడంటే మిమ్మల్ని చూశాడన్నమాట. చూడనివాడితోనే మనకు గొడవ.

వెనక్కి చూడటం నేర్చుకోండి

ఇది రాకుండా కార్ల మధ్యకు పోవద్దు. కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తే, సైకిలు తనంతట తానే కుడికి మళ్ళుతుంది. మెడ తిరిగిన వైపుకే చేతులూ పోతాయి. ఆదివారం పొద్దున మీ కాలనీలో ఖాళీగా ఉన్న సిమెంటు రోడ్డుకు పోండి. పలకల మధ్య నిలువు అతుకు ఉంటుంది కదా, దాని పక్కన తొక్కండి. తమ్ముడినో చెల్లెలినో వెనక నిలబెట్టి వేళ్ళు చూపమనండి. మీరు తొక్కుతూ వెనక్కి చూసి ఎన్ని వేళ్ళో చెప్పాలి, చక్రం అతుకు మీదికి పోకూడదు. ఎడమ చెయ్యి పట్టు వదులుగా పెట్టి, గడ్డాన్ని భుజానికి ఆనించినట్టు తిప్పితే వంకర పోదు. ఇది కుదిరాక, ఒక చెయ్యి చాపి నేరుగా తొక్కడం నేర్చుకోండి. ఆ రెండూ వస్తే సగం పని అయినట్టే.

ఆగి ఉన్న కార్ల డోర్లు

కార్లతో వచ్చే ప్రమాదాల్లో మనవాళ్ళు అస్సలు లెక్కచెయ్యనిది ఇదే. కారు కదలడం లేదు కదా అని ధీమా. మన దగ్గర కారు ఎడమ అంచున ఆపుతారు, డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు. దిగేటప్పుడు అతని డోరు తెరుచుకునేది రోడ్డు మీదికే, మీ మోకాలి మీదికే. డోరు పూర్తిగా తెరిస్తే దాదాపు మీటరు బయటికి వస్తుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్నారనుకుందాం, అది నెమ్మదైన వేగమే, సెకనుకు 4 మీటర్లు పోతారు. నాలుగు మీటర్ల దూరంలో డోరు తెరుచుకుంటే, బ్రేకు మీదికి వేళ్ళు పోయేసరికే డోరు దగ్గర ఉంటారు. పైగా డోరుకు తగిలినవాడు అక్కడే ఆగడు. కుడి పక్కకు, వెనక వచ్చే బండి ముందుకు పడతాడు.

కాబట్టి ఆగి ఉన్న కారుకూ మీ ముందు చక్రానికీ మధ్య మీటరున్నర, అంటే ఐదడుగులు వదలండి. గాంధీ రోడ్డులో దుకాణాల ముందు, ఎయిర్ బైపాస్ రోడ్డులో హోటళ్ళ ముందు, ఆసుపత్రుల ముందు ఇది మరీ అవసరం. అంత చోటు లేకపోతే నడిచేంత వేగానికి తగ్గండి.

ఏ డోరు తెరుచుకుంటుందో కొంత ముందే పసిగట్టవచ్చు. కారు ఇప్పుడే వచ్చి ఆగిందా? వెనక అద్దంలోంచి డ్రైవరు సీట్లో తల కనిపిస్తోందా? పక్క అద్దంలో ముఖం కనిపిస్తోందా? ఎర్ర లైటు ఇప్పుడే ఆరిందా, లోపల లైటు వెలిగిందా? వీటిలో ఒక్కటి ఉన్నా తెరుచుకుంటుందనే అనుకోండి. యాత్రికుల కార్లయితే నాలుగు డోర్లూ ఒకేసారి తెరుచుకుంటాయి. అలిపిరి దగ్గర కొండ కనబడగానే ఫోటో తియ్యడానికి దిగేవాళ్ళు వెనక్కి చూస్తారా?

మీ ఇంట్లో కారు ఉంటే ఒక పని చెయ్యండి. కుడి డోరును ఎడమ చేత్తో తెరవడం అలవాటు చేసుకోండి. ఆ చెయ్యి అటు పోవాలంటే ఒళ్ళు తిరగాలి, ఒళ్ళు తిరిగితే చూపు వెనక్కి పోతుంది. నెదర్లాండ్స్‌లో డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళకు ఈ పద్ధతే నేర్పుతారు. ఎడమ పక్క కూర్చున్నవాళ్ళయితే కుడి చేత్తో.

మలుపుల దగ్గర

కారు మిమ్మల్ని దాటి, వెంటనే ఎడమకు తిరుగుతుంది. సైకిలు ఎంత వేగంగా వస్తోందో డ్రైవర్లు తక్కువ అంచనా వేస్తారు, దాటేశాం అనుకుంటారు. సందు, పెట్రోలు బంకు, హోటలు గేటు, ఏది వస్తున్నా ముందే వెనక్కి ఒకసారి చూసి అంచు నుంచి కొంచెం లోపలికి రండి. పక్కనున్న కారు తిరుగుతుందా లేదా అని డ్రైవరు ముఖం చూడకండి. ముందు చక్రం చూడండి. ఇండికేటరు అబద్ధం చెప్పొచ్చు, చక్రం చెప్పదు.

సిగ్నల్ దగ్గర కార్ల ఎడమ పక్కనుంచి దూరి ముందుకు పోవడం అందరికీ అలవాటే. కార్ల పక్కన నెమ్మదిగా పోతే పోండి. బస్సు, లారీ పక్కన మాత్రం వద్దు. డ్రైవరు ఎత్తున, కుడి పక్క ఉంటాడు. ఎడమ పక్క చక్రం దగ్గర నిలబడ్డ మీరు అతనికి కనిపించరు. బస్సు ఎడమకు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు పోవు, ఇంకా లోపలికి కోసుకొని వస్తాయి. బస్సు వెనక, కొంచెం కుడికి, దాని పక్క అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించే చోట నిలబడండి. అతని ముఖం మీకు కనిపిస్తే మీరూ అతనికి కనిపిస్తారు.

లీలామహల్ సర్కిల్ లాంటి చోట కుడికి తిరగాలంటే రెండు దారులు. రద్దీ లేనప్పుడు: యాభై మీటర్ల ముందే వెనక్కి చూడండి, కుడి చెయ్యి భుజం ఎత్తున నేరుగా చాపండి, వెనకవాడు నెమ్మదించాడని తెలిశాకే రోడ్డు మధ్యకు రండి, మళ్ళీ చూడండి, తిరగండి. చెయ్యి చాపింది అడగడానికే, చాపాం కదా అని తిప్పెయ్యకూడదు. రద్దీగా ఉంటే: నేరుగా అవతలి మూల దాకా పోయి, అక్కడ ఆగి, సైకిలు కుడికి తిప్పుకొని, ఆ వైపు వాళ్ళతో కలిసి దాటండి. సాయంత్రం పూట నేనైతే దిగి, నడిచేవాళ్ళతో పాటు తోసుకుంటూ దాటుతాను. అందులో నామోషీ ఏముంది.

శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ 2023లో తెరుచుకున్నాక కింద రద్దీ తగ్గింది గానీ, ర్యాంపు దిగే చోట కొత్త చిక్కు వచ్చింది. పైన అడ్డం లేకుండా వచ్చిన కారు అదే ఊపులో కిందికి దిగుతుంది. మీరు కింద రోడ్డులో ఎడమ పక్క ఉంటే అది మీ కుడి భుజం వెనకనుంచి వచ్చి కలుస్తుంది. ఆ కలిసే చోటికి ముందే వెనక్కి చూసి వేగం తగ్గించండి. స్తంభాల చాటునుంచి యూ టర్న్ తీసుకునేవాళ్ళు, రోడ్డు దాటేవాళ్ళు చివరిదాకా కనిపించరు. స్తంభానికి ఆనుకొని తొక్కొద్దు.

ఆటో ఆగేది ఆటోను చూస్తే తెలియదు

రోడ్డు పక్కన నిలబడ్డ మనిషిని చూస్తే తెలుస్తుంది. ఇరవై అడుగుల ముందు ఎవరో చెయ్యి ఎత్తారంటే, మీ పక్కన పోయే షేర్ ఆటో ఎడమకు కోస్తుంది. ఇంక వేరే గుర్తు అక్కర్లేదు. బస్సు ఆగి ఉన్నప్పుడు దానికీ ఫుట్‌పాత్‌కూ మధ్య దూరొద్దు. దిగేవాళ్ళు మీ మీదికే దిగుతారు, అప్పుడు తప్పు మీదే.

రాంగ్ రూటు వద్దు

డివైడర్ కోత దూరంగా ఉంది, నాలుగడుగులే కదా అని ఎదురు పోతారు. లెక్క చూడండి. కారు 40లో, మీరు 15లో ఒకే వైపు పోతుంటే మీ మీదికి అది 25 వేగంతో వస్తున్నట్టు. ఎదురెదురుగా అయితే 55. అంతకంటే పెద్ద చిక్కు, సందులోంచి మెయిన్ రోడ్డెక్కే కారుది. బండ్లు కుడి వైపునుంచి వస్తాయి గనుక ఆ డ్రైవరు కుడికే చూస్తూ ఎడమకు తిప్పుతాడు. మీరు ఎడమనుంచి వస్తే చూడడు. డివైడర్ దాకా తొక్కడానికి ఒళ్ళు బద్ధకమైతే దిగి ఫుట్‌పాత్ మీద తోసుకొని పోండి.

వాన, చీకటి

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో ఊరు మునిగినప్పుడు వీధులు ఏరులై పారిన సంగతి ఇక్కడివాళ్ళెవరూ మరిచిపోరు. రైలు పట్టాల కింద ఉండే బ్రిడ్జిలలో నీళ్ళు నిలబడితే సైకిలు దింపొద్దు. లోతు తెలియదు, కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో తెలియదు. తడిసిన రిమ్ము మీద బ్రేకు వెంటనే పట్టదు. ముందు కొంచెం నొక్కి నీళ్ళు తుడుచుకోనిచ్చి, తర్వాత బిగించండి. రోడ్డు మీద తెల్ల రంగు చారలు, ఇనుప మూతలు తడిస్తే జారతాయి. వాటి మీద హ్యాండిల్ తిప్పొద్దు, బ్రేకు పట్టొద్దు.

చీకటి పడితే వెనక ఎర్ర లైటు తప్పనిసరి. ఎదురు కారు హైబీమ్ వేసుకొని వస్తే దాని లైట్ల వైపు కాకుండా మీ ఎడమ అంచు చూస్తూ నెమ్మదిగా పోండి. మీకు కళ్ళు చెదిరినట్టే మీ వెనకవాడికీ చెదురుతాయి. ఆ క్షణంలో మీరు అతనికి కనిపించేది వెనక లైటు వల్లే.

తమిళుల పెరటాసి నెలలో వచ్చే శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో అలిపిరి వైపు పనిలేకపోతే పోవద్దు. పోవాల్సి వస్తే మెయిన్ రోడ్డు వదిలి కాలనీల లోపలి వీధులు పట్టుకోండి. పది నిమిషాలు ఎక్కువైనా సరే.

తగిలితే

మొదట రోడ్డు మీదనుంచి పక్కకు జరగండి, 108కో 112కో ఫోన్ చెయ్యండి. కారు నంబరు ఫోటో తియ్యమని పక్కవాళ్ళను అడగండి. సాయం చేసినవాళ్ళకు కేసు చిక్కులు ఉండకుండా 2019 సవరణ ద్వారా మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ వచ్చింది. వెనకాడేవాళ్ళకు ఆ మాట చెప్పండి. తల తగిలి ఉంటే, పైకి ఏమీ కనిపించకపోయినా ఆసుపత్రికి పోవాల్సిందే. వాంతులు, మగత వస్తే అస్సలు ఆలస్యం చెయ్యొద్దు.

"ఐదొందలు తీసుకో బ్బా, పోనీ" అంటే అక్కడికక్కడ ఒప్పుకోకండి. నొప్పులు మర్నాడు బయటపడతాయి. మోటారు వాహనం గుద్దితే, దేశమంతటా 2025 మేలో అమల్లోకి వచ్చిన క్యాష్‌లెస్ వైద్యం పథకం కింద మొదటి 7 రోజులకు 1.5 లక్షల రూపాయల దాకా చికిత్స దొరుకుతుంది. గుద్దినవాడు దొరక్కుండా పోతే, బలమైన గాయానికి 50 వేలు, ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు పరిహారం ఉంది. కారు తెలిస్తే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం కోసం క్లెయిమ్ వెయ్యవచ్చు. చట్టంలో గడువు ప్రమాదం జరిగిన 6 నెలలు. దానికి పోలీసు స్టేషన్లో ఎఫ్ఐఆర్, ఆసుపత్రి కాగితాలు, మందుల బిల్లులు అన్నీ కావాలి. సైకిలును రిపేరుకు ఇచ్చే ముందు, వంగిన చక్రం ఉన్నదున్నట్టు కనబడేలా నాలుగు పక్కలా ఫోటోలు తీసి పెట్టుకోండి.